‘ద్రోహీ’ అంటే ‘ఆఁ’ అనాలి

మా మేనత్తది వెన్నలాంటి మనసు అని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. మీరింకా ఆవిడ చేతికి దొరకలేదు కాబట్టి అలా అంటున్నారు అనాలనిపిస్తుంది. అనను. ఆవిడ నికార్సైన మనిషి. చేసే పనీ నికార్సైనదే, పెట్టుకున్న కక్ష అంతకన్నా నికార్సైనది. అమ్మ పోయాక నన్నూ తమ్ముణ్ణీ పెంచింది ఆవిడే. నాకు లాండ్రీలో పని నేర్పించిందీ ఆవిడే. కాబట్టి ఈ కథ నేను తటస్థంగా నిలబడి చెబుతానని ఆశ పెట్టుకోకండి. నేను అత్త పక్షం. మొదటి నుంచీ అంతే.

మాది పెద్ద లాండ్రీ. హోటళ్ల నుంచి, ఆసుపత్రుల నుంచి బండ్ల కొద్దీ దుప్పట్లు వస్తాయి. ఉతికి పిండిన దుప్పటిని రోలర్ మిషన్‌లోకి ఎక్కిస్తే, వేడి వేడి ఇనప గొట్టాల మధ్య నలిగి, సాపుగా, ఆవిర్లు కక్కుతూ అవతలికి వస్తుంది. ఆ అవతల ఉండేదే మా మడత గది. పెద్ద దుప్పటి మడత పెట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడాలి. చెరో రెండు కొనలు పట్టుకుని ఒక్క దులుపు దులపాలి, చెరో వైపు బిగించి లాగాలి, నిలువుగా మడిచి, మళ్లీ మడిచి, ఒకరికొకరు ఎదురు నడిచి రావాలి. దగ్గరికి వచ్చాక ఒకామె తన చేతిలోని కొనలు రెండో ఆమె చేతిలో పెట్టి, వంగి కింద వేలాడే మడత అందుకోవాలి. అలా కొనలు ఇచ్చేటప్పుడు ఇచ్చే ఆమె ‘ఇదిగో’ అంటుంది. పుచ్చుకునే ఆమె ‘ఆఁ’ అంటుంది. ‘ఆఁ’ వినపడేదాకా వదలకూడదు. మిషన్ రొదలో, మొహాలకు అడ్డంగా వేలాడే గుడ్డలో కళ్లకు ఏమీ ఆనదు. ఆ రెండు మాటల మీదే మా పని నడుస్తుంది.

ఇలా ఎదురెదురుగా నిలబడే ఇద్దరిని మేం జోడీ అంటాం. ఎవరికి ఎవరు జోడీ అన్నది ఆఫీసు చెప్పదు, మేమే చూసుకుంటాం. పొద్దున జోడీ దొరకని మనిషి గోడ పక్కన కాసేపు నిలబడి, మిషన్ మొదలయ్యాక ఇంటికి వెళ్లిపోవాలి. ఆ రోజుకి ఆమెకు పని లేనట్టే. అందుకే మా దగ్గర మొగుడితో మాటలు మానేసిన ఆడవాళ్లు ఉన్నారు గానీ, జోడీతో మాటలు మానేసిన వాళ్లు లేరు.

అత్తకి వయసులో ఉన్నప్పటి నుంచీ ఒకటే జోడీ. ఆమెకి అప్పట్లో వేరే పేరుండేది గానీ, తర్వాత్తర్వాత అందరూ గాజుగదమ్మ అన్నారు కాబట్టి నేనూ అదే అంటాను. ఇద్దరూ ఒకే డబ్బాలో తిన్నారు, ఒకే గొడుగులో ఇంటికి వచ్చారు. నాకు జ్వరం వస్తే గాజుగదమ్మ నా మంచం పక్కన కూర్చుని తడిగుడ్డ వేసిన రోజులు నాకు గుర్తున్నాయి. నేను ఆమెను పిన్నీ అని పిలిచేదాన్ని. తలుచుకుంటే ఇప్పుడు నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

అప్పట్లో లాండ్రీ వెనక తలుపుకి ఎప్పుడూ తాళం ఉండేది. ఆడవాళ్లు దుప్పట్లు ఎత్తుకుపోతారని మేనేజరు అనుమానం. ఇంత పెద్ద దుప్పటి చీర కింద ఎలా దాస్తారయ్యా అని అడిగితే, మీ సంగతి నాకు తెలుసులే అనేవాడు. రోలర్ల వేడికీ బాయిలర్ ఆవిరికీ రోజుకొకరు సొమ్మసిల్లి పడేవాళ్లు. మొహాన నీళ్లు కొట్టి మళ్లీ నిలబెట్టేవాళ్లు. తలుపు తీయమని అడిగి అడిగి నోళ్లు పడిపోయాక, అత్త ఒక ఎత్తు వేసింది. పెద్ద హోటల్ సరుకు వచ్చే రోజు పొద్దున, పని జోరు మీద ఉండగా రోలర్లు ఆగిపోతాయి. ఆగగానే అందరూ చేతులు కట్టుకుని నిలబడాలి. తలుపు తీసేదాకా ఒక్క దుప్పటి కూడా కదలకూడదు. ఇంతవరకే అందరికీ తెలుసు. రోలర్లు ఆపే మీట ఎవరు దించుతారో, ఎప్పుడు దించుతారో అత్తకీ ఆమె జోడీకీ తప్ప మూడో మనిషికి తెలియదు.

ఆ పొద్దున అత్త మీట దగ్గరికి వెళ్లేసరికి దానికి కొత్త తాళం, తాళం పక్కన స్టూలేసుకుని మేనేజరు. "రామ్మా, నీ కోసమే కూర్చున్నా" అన్నాడట. గేటు బయట అప్పటికే వేరే చోటి నుంచి తెచ్చిన మనుషులు ఎక్కిన వ్యాను ఆగి ఉంది. గొంతు పెద్దగా ఉన్న ఇద్దరిని అక్కడికక్కడే పీకేశారు. అత్తని పీకలేదు. మడత గదిలోంచి తీసి, వెనక బాయిలర్ గొట్టాల పక్కన ఇస్త్రీ బల్ల దగ్గర పడేశారు. ఆ వారం తిరక్కుండానే ఆమె జోడీకి నీలం కోటు వచ్చింది, సూపర్వైజర్ పని వచ్చింది, మడత గదికి ఓ పక్కన గాజు అద్దాలు బిగించి ఫ్యాను పెట్టిన చిన్న గది వచ్చింది.

తర్వాత ఒక రోజు బాయిలర్ గొట్టం పగిలింది. అత్తకి రెండడుగుల దూరంలో వెనక తలుపు. తాళం వేసి ఉంది. ఆవిరిలోంచి అడ్డంగా పరిగెత్తి ముందు వైపు నుంచి బయటపడింది. మొహానికి అడ్డం పెట్టుకున్న ఎడమ చెయ్యి మణికట్టు నుంచి భుజం దాకా ఉడికిపోయింది. ఆ తర్వాత ఎవరో పెద్ద ఆఫీసర్లు వచ్చి చూసి, తలుపు తాళం తీయించారు. మళ్లీ ఎప్పుడూ వేయలేదు. అంతమంది నోళ్లు చేయలేని పని అత్త చెయ్యి చేసింది.

ఆసుపత్రికి గాజుగదమ్మ వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. చేతిలో పళ్ల సంచీ, కళ్లలో నీళ్లు. అత్త నొప్పికి పళ్లు బిగపట్టుకుని ఒకే ఒక్క ముక్క అడిగింది.

"నువ్వు చెప్పావా?"

"నీ మీద ఒట్టు. నేను చెప్పలేదే."

కట్టు కట్టిన ఆ చేతి మీద తన చెయ్యి ఆనించి మరీ ఒట్టు వేసింది. అత్త ఇంకేమీ అడగలేదు. ఆమె వెళ్లాక పళ్ల సంచీని పక్క మంచం వాళ్లకి ఇచ్చెయ్యమంది. "ఉప్పందించిందని తెలుసు. దానికి నాకు కోపం వచ్చి పోయేదేమో. కాలిన చేతి మీద ఒట్టేసింది చూడు, దానికి మాత్రం పోదు. ఆ నోటితోనే నిజం చెప్పిస్తాను. ఎప్పటికైనా సరే" అంది. నేను చిన్నదాన్ని. అయినా ఆ మాట నాకు దేవుడి మాట లాగే తగిలింది.

మా లాండ్రీలో తిట్లకి కరువు లేదు. దరిద్రపు మొహం, పాపిష్టి రాత, దొంగముండ, ఇవన్నీ ఆవిరితో పాటు పుట్టి ఆవిరితో పాటే పోతాయి. పొద్దున తిట్టుకున్నవాళ్లు మధ్యాహ్నం పచ్చడి పంచుకుంటారు. అత్త మాత్రం గాజుగదమ్మను వీటిలో ఏదీ అనలేదు. ఎవరైనా ఆ ముండ అంటే, అలా అనకు అని కసిరేది. మొదట్లో నాకు అర్థం కాలేదు. మనసులో ఇంకా అభిమానం ఉందేమో అనుకున్నాను. కాదు. ఆమె కోసం అత్త ఒక మాట తీసి పక్కన పెట్టుకుంది.

ఆ మాట ద్రోహి. నలుగురు ఆడవాళ్లు పనిచేసే చోట రోజూ వినపడే మాట కాదది. పేపర్లలో పెద్దక్షరాల్లో, మైకులో ఉపన్యాసాల్లో వినపడే మాట. అత్తకి ఆ మాట విలువ మీద గట్టి పట్టింపు ఉండేది. ఒకసారి మా తమ్ముడు టీవీలో ఆట చూస్తూ, చేతిలో పడ్డ బంతిని వదిలేసిన ఆటగాణ్ణి ద్రోహి అన్నాడు. అత్త వంటింట్లోంచి గరిటతో సహా వచ్చింది.

"బంతి వదిలేస్తే చేతకానివాడు అవుతాడు. ద్రోహి ఎలా అవుతాడురా?"

"ఏదో మాటవరసకి అన్నానులే అత్తా."

"మాటవరసకి అనే మాట కాదది. దొంగ నీకు తెలియనివాడు. శత్రువు ఎదురుగా వస్తాడు, చూసి కాచుకుంటావు. ద్రోహి కావాలంటే ముందు నీ పక్కన నిలబడాలి. నీ డబ్బాలో తినాలి. నీకు దగ్గొస్తే వీపు రాయాలి. అంతా అయ్యాక అప్పుడు కావాలి. ప్రతి అడ్డమైనవాడికీ ఆ పేరు ఇచ్చేస్తావేంటి?"

తమ్ముడు టీవీ ఆపేశాడు. ఆట మధ్యలో పోయింది పాపం.

అత్త చెయ్యి మానింది గానీ భుజం పైకి లేవలేదు. అప్పటి నుంచి ఎంత ఉక్కపోతలోనైనా మణికట్టు దాకా చేతులున్న చొక్కాయే వేసుకునేది. వచ్చి చూసిన ఆఫీసర్లకి భయపడి, మేనేజరు పాపం అన్నట్టుగా ఆమెను తిరిగి మడత గదిలోకి వేశాడు. నేను పనిలో చేరింది అప్పుడే, ఆమెకి జోడీగా. అద్దాల అవతల ఫ్యాను కింద గాజుగదమ్మ, ఇవతల చెమటల్లో మేము. ఏళ్ల తరబడి అత్త ఆ అద్దాల వైపు కన్నెత్తి చూడలేదు. నేను చూసేదాన్ని. గుడ్లురిమి మరీ చూసేదాన్ని. ఆమె తల దించుకునేది.

తర్వాత లాండ్రీ చేతులు మారింది. కొత్త యజమాని వస్తూనే గదిలో కెమెరాలు పెట్టించాడు, చదువుకున్న కుర్రాణ్ణి సూపర్వైజర్‌గా తెచ్చుకున్నాడు, కెమెరాలున్నాక గాజు గది ఎందుకని అద్దాలు ఊడపీకించాడు. గాజుగదమ్మను పిలిచి, మడత గదిలో చేస్తే చెయ్యి, లేకపోతే నీ ఇష్టం అన్నాడట. ఆమె మొగుడు అప్పటికే పోయాడు, పిల్లలు లేరు. నీలం కోటు విప్పేసి, ఒక పొద్దున మా గోడ పక్కకి వచ్చి నిలబడింది.

ఆ పొద్దున నా జన్మలో నేను మర్చిపోను. గదిలో ఉన్న పాతవాళ్లందరికీ ఆమె సంగతి తెలుసు. ఒక్కరూ ఆమె వైపు అడుగు వేయలేదు. కొత్తగా చేరిన అమ్మాయిలు ఎప్పుడో తమలో తాము జోడీలు కట్టేసుకున్నారు. మిషన్ మొదలైంది. ఆమె సంచీ తీసుకుని వెళ్లిపోయింది. మర్నాడూ అంతే. ఆ తర్వాత రోజూ అంతే. నాకు కడుపు నిండినట్టయింది. ఇలా రోజూ వచ్చి గోడకి ఆనుకుని, రోజూ తల వంచుకుని పోవాలి, పోయి పోయి చివరికి రావడం మానేయాలి అనుకున్నాను. అదే శిక్ష అనుకున్నాను. నాకు ఊహ అంతే.

మరుసటి పొద్దున అత్త నా బల్ల దగ్గరికి రాలేదు. తిన్నగా గోడ దగ్గరికి వెళ్లి, గాజుగదమ్మతో, "రా, కొన పట్టుకో" అంది.

గదంతా నోరు తెరిచింది. గాజుగదమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎంత పెద్ద మనసమ్మా అని ఎవరో ముక్కు చీదారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇద్దరూ దుప్పటి పట్టుకున్నారు, దులిపారు, లాగారు, మడిచారు, ఎదురు నడిచారు. అత్త ఎడమ చెయ్యి పైకి లేవదు కాబట్టి, ఆ ఎత్తుకి సరిపోయేలా గాజుగదమ్మ మోకాళ్లు వంచి నిలబడాల్సి వచ్చింది. కొనలు ఇచ్చేటప్పుడు అత్త ‘ఇదిగో’ అనలేదు.

"ద్రోహీ" అంది.

గట్టిగా అనలేదు. తిట్టినట్టు అనలేదు. కొన అందుకో అని చెప్పినట్టు చెప్పింది. గాజుగదమ్మ మొహంలో నెత్తురు లేదు. అత్త కొనలు వదల్లేదు. ‘ఆఁ’ వినపడేదాకా వదలకూడదు కదా. వెనక రోలర్ల మీద దుప్పట్లు వచ్చి పడుతున్నాయి. కెమెరా చూస్తోంది.

"ఆఁ" అంది గాజుగదమ్మ.

అత్త వదిలింది. వంగి కింద మడత అందుకుంది. తర్వాతి దుప్పటి ఎత్తింది. మళ్లీ ఎదురు నడక, మళ్లీ "ద్రోహీ", మళ్లీ "ఆఁ". పొద్దు గూకేదాకా అదే. మర్నాడు కూడా అదే.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ నేను ఉండబట్టలేక అడిగాను.

"అత్తా, గోడ దగ్గరే వదిలేస్తే పోయేది కదా. దాని మొహం రోజూ చూడ్డం నీకెందుకు?"

"దాని మొహం నేను చూడ్డానికి కాదే. నా మాట అది వినడానికి. ఇంట్లో కూర్చుంటే ఎవరంటారు దాన్ని?"

"ఆఁ అంటోందిగా. ఒప్పుకున్నట్టేగా."

"అది దుప్పటికి చెప్పిన ఆఁ. నాకు చెప్పింది కాదు. నాకు కావాల్సింది వేరే ఉంది, నీకు తెలుసు."

తెలుసు. ఆసుపత్రి మంచం పక్కన అబద్ధం చెప్పిన నోరు నిజం చెప్పాలి. రోజూ అన్ని వందల సార్లు చెవిలో ఆ మాట పడుతుంటే ఎంత గట్టి పిండమైనా ఎప్పుడో ఒకప్పుడు పగిలి బయటపెట్టేస్తుందని అత్త లెక్క. నాకు ఆ లెక్క నచ్చింది. నా కొత్త జోడీతో మడతలు పెడుతూ నేను చెవులు రిక్కించి ఉండేదాన్ని. ప్రతి ‘ఆఁ’ కొంచెం బలహీనంగా వినిపించినప్పుడల్లా, ఇవాళ చెప్పేస్తుంది అనుకునేదాన్ని. గాజుగదమ్మ చిక్కిపోయింది. మోకాళ్లు వంచి వంచి నడుం పట్టేసి, సాయంత్రం గోడ పట్టుకుని నడిచేది. ఒక్క మాట మాత్రం చెప్పలేదు. అంత మొండిఘటం.

ఇక్కడ అత్త ఒక పొరపాటు చేసింది. లాండ్రీలో జీవితమంతా గడిపిన మనిషి చేయాల్సిన పొరపాటు కాదు. ఏ గుడ్డనైనా ఉతికిన కొద్దీ రంగు పోతుందని ఆవిడకి చెప్పాలా?

కొత్తగా చేరిన అమ్మాయిల్లో ఒకర్తెను మేం చిలక అనేవాళ్లం. నోరు ఊరుకోదు. ఈ కొత్త పిల్లలకి పాత సంగతులేవీ తెలియవు. పాతవాళ్లలో సగం మంది మానేశారు, ఉన్నవాళ్లు ఆ విషయం నోటితో ఎత్తరు. ఇద్దరు పెద్దవాళ్లు, పొద్దున లేస్తే ఒకరి మొహాన ఒకరు, ఒకామె ద్రోహీ అంటుంది, ఇంకొకామె ఆఁ అంటుంది. చూసిన పిల్లలకి అది చిన్నప్పటి స్నేహితులు ఆడుకునే ఎకసెక్కం లాగా కనిపించింది. చిలకకి అది తెగ ముద్దొచ్చింది. ఒక రోజు తన జోడీకి కొనలు ఇస్తూ, "ఒసేయ్ ద్రోహీ, అందుకో" అంది. వాళ్లిద్దరూ పడీ పడీ నవ్వారు. పక్క బల్ల వాళ్లూ అందుకున్నారు. ఒక నెల తిరిగేసరికి మడత గదిలో ‘ఇదిగో’ అనేవాళ్లు లేకుండా పోయారు. ఎటు చూసినా ద్రోహీ, ఆఁ. ద్రోహీ, టీ తాగావా? ద్రోహీ, నా దువ్వెన ఏదే? బండి తోసే అతను కూడా, "జరగండి ద్రోహులూ" అంటూ వచ్చేవాడు.

నేను ఒకసారి చిలక చెయ్యి పట్టుకుని, "ఆ మాట అనకు" అన్నాను.

"ఎందుకక్కా? మీ అత్తగారు అంటే సరదా, మేమంటే తప్పా?"

ఏం చెప్పను? నా కథ కాదది. చెప్పే హక్కు అత్తది. దాని చెయ్యి వదిలేశాను.

అన్నిటికన్నా నన్ను మండించింది గాజుగదమ్మ. మొదట్లో ఆ పిల్లలు అంటుంటే బెదిరిన గొడ్డులా చూసేది. తర్వాత తేరుకుంది. ఆ తర్వాత ఆమెకి బాగుండటం మొదలైంది. ఏళ్ల తరబడి ఎవరూ పలకరించని మనిషిని పిల్లలు చుట్టూ చేరి ద్రోహి పిన్నీ, ద్రోహి పిన్నీ అంటున్నారు. ఆమె వాళ్లకి బిస్కెట్లు తెచ్చేది, జడలు అల్లేది. మొహంలో నునుపు వచ్చింది. అత్త ద్రోహీ అంటే ‘ఆఁ’ అని ఇదివరకటి లాగా నలుగుతూ కాదు, చకచకా అనేసి, తర్వాతి దుప్పటికి చెయ్యి చాచేది.

ఒక మధ్యాహ్నం అందరం డబ్బాలు విప్పుకుని కూర్చున్నాం. చిలక నోట్లో ముద్ద ఉండగానే అడిగింది.

"ఇంతకీ పిన్నీ, ఏం ద్రోహం చేశావు నువ్వు? చెప్పు, చెప్పు."

అత్త చెయ్యి డబ్బా మూత మీద ఆగింది. గాజుగదమ్మ ఒక్క క్షణం అత్త వైపు చూసింది. చూసి, నవ్వింది.

"చేశానే తల్లీ, చెయ్యని ద్రోహం లేదు. నేనే ద్రోహిని. ఏం చేద్దాం? పోలీసులకి పట్టిస్తారా?"

ఫక్కున నవ్వారు అందరూ. చిలకకి పొలమారింది, వీపు తట్టారు. అత్త ఇన్నేళ్లుగా ఏ మాట కోసం కాచుకుని కూర్చుందో ఆ మాట వచ్చేసింది. నలుగురిలో వచ్చింది, ఆ నోటితోనే వచ్చింది, నవ్వులాటలో కలిసి చేతులు కడుక్కున్న నీళ్లతో పాటు తూములోకి పోయింది. అత్త మూత తీయకుండానే డబ్బా సంచీలో పెట్టేసుకుంది.

ఇంటికి వచ్చాక ఆవిడ ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. పెరట్లో బట్టలు ఉతకడానికి కూర్చుని, చేతిలోని సబ్బు బిళ్ల నాకు చూపించింది. అరిగి అరిగి రేకులా అయింది.

"చూశావా? నేనే అరగదీశాను. దాచుకుని ఒక్కసారి వాడాల్సిన మాట. రోజూ రుద్ది రుద్ది నురగ కూడా రాకుండా చేసుకున్నాను. నా అంత తెలివితక్కువది ఉండదు."

"పోనీ, వదిలెయ్ అత్తా" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు.

"నువ్వు వదిలేస్తావా?"

"వదలను."

"మరి నాకు చెప్పకు" అంది.

మర్నాడు మొదటి దుప్పటికే అత్త ‘ఇదిగో’ అంది. గాజుగదమ్మ అలవాటుగా ‘ఆఁ’ అనబోయి ఆగిపోయింది. మొహంలోకి మొహం పెట్టి చూసింది. అత్త మొహంలో ఏమీ లేదు. రెండో దుప్పటికీ ‘ఇదిగో’. మూడోదానికీ అంతే. గదంతా ద్రోహీ ద్రోహీ అని కిచకిచలాడుతుంటే ఆ ఒక్క బల్ల దగ్గర మాత్రం పాత మాట. గాజుగదమ్మ మధ్యలో ఒకసారి నవ్వడానికి ప్రయత్నిస్తూ, "ఏమే, ఇవాళ పిలవట్లేదు?" అంది. అత్త దుప్పటి బిగించి లాగింది.

మధ్యాహ్నం గంట మోగింది. రోలర్లు ఆగాయి. ఆ రొద ఆగిపోతే మా గదిలో ఎవరి ఊపిరి వాళ్లకి వినపడుతుంది. అందరూ చేతిలో ఉన్నవి ముగించి డబ్బాల వైపు కదిలారు. అత్త కదల్లేదు. ఆమె చేతిలో రెండు కొనలు, గాజుగదమ్మ చేతిలో రెండు కొనలు, మధ్యలో దుప్పటి బిగిసి ఉంది.

"ద్రోహి పిన్నీ, వదిలి రా, ఆకలేస్తోంది" అని అరిచింది చిలక.

"చిలకా, ఇలా రా" అంది అత్త. "నా చేతులు ఖాళీ లేవు. ఈ ఎడమ చెయ్యి చొక్కా పైకి మడువు."

చిలక నవ్వుతూనే వచ్చింది. బొత్తాం విప్పి ఒక మడత మడిచింది. రెండో మడతకి నవ్వు పోయింది. మోచేతి దగ్గరికి వచ్చేసరికి దాని వేళ్లు ఆగిపోయాయి. నేను ఎరిగిన చెయ్యి అది. ముడతలు పడి, మెరుస్తూ, అక్కడక్కడ తాడులా బిగుసుకుపోయి ఉంటుంది.

"ఇంకా పైకి" అంది అత్త. "భుజం దాకా."

మడిచింది. అందరూ దగ్గరికి వచ్చారు. అత్త గొంతు పెంచకుండా చెప్పింది. తలుపుకి తాళం ఉండేదని, దాన్ని తీయించడానికి రోలర్లు ఆపాలనుకున్నారని, ఎప్పుడు ఆపాలో తనకీ తన జోడీకీ తప్ప ఎవరికీ తెలియదని, మీట దగ్గర మేనేజరు స్టూలేసుకుని కూర్చున్నాడని, తర్వాత గొట్టం పగిలిందని. మేనేజరుని తిట్టలేదు. గాజుగదమ్మని కూడా తిట్టలేదు. నాలుగు ముక్కల్లో చెప్పి, చిలక వైపు చూసింది.

"ఇప్పుడు పిలువు దాన్ని. ఇందాక పిలిచావుగా, ఆ మాటతోనే పిలువు."

చిలక నోరు తెరిచింది. వెనక్కి తిరిగి తన జోడీ మొహం చూసింది, ఆ పిల్ల నేల చూపులు చూస్తోంది. అత్త ఒక్కొక్కరి వైపు చూసింది. ఇప్పటిదాకా ఆ మాటతో దువ్వెనలు అడుక్కున్న గదిలో ఒక్కరికీ అది నోట పలకలేదు. రంగు వెలిసిపోయిందనుకున్న మాట మా కళ్ల ముందే మళ్లీ కొత్తదైంది. దాని బరువు నాకు ఛాతీ మీద తెలిసింది. గాజుగదమ్మకీ తెలిసింది. ఆమె పిల్లల మొహాలు ఒక్కొక్కటే వెతుక్కుంది. తను జడలు అల్లిన పిల్లలు. ఎవరూ చూడలేదు.

"చెప్పాను" అంది.

అత్త దుప్పటిని ఇంకొంచెం బిగించింది. "వినపడలేదు."

"నేనే చెప్పానే. ముందు రోజు సాయంత్రం వెళ్లి మేనేజరుకి నేనే చెప్పాను. ఎవరూ బెదిరించలేదు. ఆ వేడిలో నా వల్ల కాలేదు. ఆ ఫ్యాను కింద కూర్చోవాలనిపించింది. గొట్టం పగులుతుందని నాకేం తెలుసు? నీ మీద ఒట్టు వేసినప్పుడు..." అని ఆగిపోయింది.

"వేసినప్పుడు?"

"నీ చెయ్యి కట్టులోంచి కూడా కాలుతూనే ఉంది. నాకు తెలిసింది. అయినా వేశాను."

మా అందరికీ వినపడింది. కెమెరాకి వినపడిందో లేదో తెలియదు. అత్త కళ్లు మూసి తెరిచింది. ఇన్నేళ్లలో ఆ మొహం అంత ప్రశాంతంగా ఉండటం నేను చూడలేదు. గాజుగదమ్మ ఆ మొహం చూసి ఏదో ఆశపడింది. మోకాళ్లు ఇంకా వంచే ఉన్నాయి, అత్త చేతి ఎత్తుకి సరిపోయేలా.

"నన్ను గోడ దగ్గర వదిలెయ్యకుండా ఇన్నాళ్లూ నా కొన పట్టుకున్నావు. ఎవరూ పట్టుకోనప్పుడు నువ్వే పట్టుకున్నావు. నీకు నా మీద కొంచెమైనా..."

"వదిలేస్తే వెళ్లిపోయేదానివి" అంది అత్త. "ఎక్కడికో పోయి, నిజం కడుపులో పెట్టుకుని హాయిగా చచ్చిపోయేదానివి. నాకు దొరికేదానివి కాదు. అందుకు పట్టుకున్నాను."

గాజుగదమ్మ కొనలు ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఇక అవసరం లేదు" అని అత్త రెండు చేతులూ తెరిచింది.

దుప్పటి ఆ చివర నేల మీద పడింది. ఈ చివర రెండు కొనలూ గాజుగదమ్మ గుప్పిళ్లలోనే ఉన్నాయి. తీసుకోవడానికి ఎదురుగా ఎవరూ లేరు. ఆమె నా వైపు చూసింది. చిన్నప్పుడు నా నుదుటి మీద తడిగుడ్డ వేసిన మనిషి. నేను కదల్లేదు. నాకు జాలి కలుగుతుందేమో అని కాసేపు చూసుకున్నాను. కలగలేదు.

అత్త చొక్కా చెయ్యి కిందికి దించుకుని, బొత్తాం పెట్టుకుని, చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది. డబ్బా విప్పింది. ఆ మధ్యాహ్నం ఆవిడ ఒక్క మెతుకు కూడా మిగల్చకుండా తిన్నది.